కార్డులో లేనివాళ్ళ లెక్క ముందు తీయండి

(ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో సైనిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మలందరూ ఆ మూలన సర్దుకు కూర్చున్నారేటి? ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువ మీతోనే. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను డాక్టర్ని కాదు. ఇన్సూరెన్సు ఏజెంటునూ కాదు, ఏ కంపెనీ పేరూ నా నోట రాదు, అడగొద్దు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, నాయబ్ సుబేదారుగా పెన్షన్ వచ్చాను. వచ్చాక ఊరుకోలేక మనవాళ్ళ ఫారాలు నింపుతూ ఉంటాను. ఫారాలు నింపేవాడికి ఇంటి గుట్లన్నీ తెలుస్తాయి కదా! ఎవరి కొడుక్కి ఉద్యోగం లేదో, ఎవరి తండ్రికి పింఛను వస్తోందో, ఎవరి కోడలు నెలలు నిండి ఉందో, అన్నీ ఫారంలో రాయాల్సిందే. ఆ ఫారాలు చూసి చూసి నాకు ఒక్క సంగతి బాగా అర్థమైంది. మనవాళ్ళు వైద్యం కార్డు ఉన్నవాళ్ళ మీదే మళ్ళీ మళ్ళీ డబ్బు పెడతారు. కార్డు లేనివాళ్ళని ఎవరూ చూడరు. గొడుగు కింద నిలబడ్డవాడికి ఇంకో గొడుగు పట్టి, పక్కన తడుస్తున్నవాణ్ణి వదిలేసినట్టు. ఈ పూట నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు ఇక్కడున్నవాళ్ళలో ఎవరు ఏ దారిలో వచ్చారో తేల్చుకుందాం. మన ఊళ్ళలో ఎవరిని అడిగినా "మా గుంటడు మిలట్రీలో ఉన్నాడు" అంటారు. ఆర్మీ అయినా, బీఎస్‌ఎఫ్ అయినా, సీఆర్‌పీఎఫ్ అయినా, సీఐఎస్‌ఎఫ్ అయినా మనకి మిలట్రీయే. పెళ్ళిచూపుల్లో అది సరిపోతుంది. ఆసుపత్రి కౌంటర్లో సరిపోదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ నుంచి పెన్షన్ మీద వచ్చినవాళ్ళకి ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం. అది రక్షణ శాఖది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివి హోం శాఖవి, వీటన్నిటినీ కలిపి సీఏపీఎఫ్ అంటారు. వాళ్ళకి సర్వీసులో ఉండగా ఆయుష్మాన్ సీఏపీఎఫ్ కార్డు, 2021 జనవరిలో మొదలైంది. రిటైరయ్యాక సీజీహెచ్‌ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య పథకం. రెండూ వేరు, ఫారాలు వేరు, ఆఫీసులు వేరు. సీఆర్‌పీఎఫ్‌లో చేసి వచ్చిన అన్నలు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి, అంటే ఆ పథకం వాళ్ళ చిన్న ఆసుపత్రికి, వెళ్ళి, "నేనూ దేశానికే చేశాను కదా" అని గొడవ పడితే ఏం లాభం? ఆ మాట నిజమే. కానీ కౌంటర్లో కూర్చున్న పిల్ల ఏం చేస్తుంది పాపం?

సీఏపీఎఫ్ అన్నలకి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను. సీజీహెచ్‌ఎస్ ఊరికే రాదు, డబ్బు కట్టి తీసుకోవాలి. కానిస్టేబుల్ నుంచి ఏఎస్సై వరకు, అంటే పే లెవెల్ 5 దాకా, నెలకి 250 రూపాయలు. పదేళ్ళది ఒకేసారి, అంటే 30,000 కట్టేస్తే జీవితాంతం చెల్లుతుంది. "మనకి దగ్గర్లో సీజీహెచ్‌ఎస్ సెంటర్ లేదు కదా, ఇటు భువనేశ్వర్ పోవాలి, అటు విశాఖపట్నం పోవాలి, ఎందుకు దండగ?" అని చాలామంది కట్టడం మానేసి, నెలకి వెయ్యి రూపాయల మెడికల్ అలవెన్సు తీసుకుని ఊరుకుంటున్నారు. అక్కడే చూడండి. సీజీహెచ్‌ఎస్ ఊళ్ళకి దూరంగా ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో చేరే వైద్యానికి కార్డు పెట్టుకుని, రోజువారీ మందులకి ఆ వెయ్యీ తీసుకునే వీలుంది. రెండూ కలిపి. ఈ మాట మీకు ఎవరైనా చెప్పారా? చెప్పరు. అడిగితేనే చెప్తారు.

సరే, ఇప్పుడు ఈసీహెచ్‌ఎస్. ఇది 2003 ఏప్రిల్ 1న మొదలైంది. మన ఒడిశా పుట్టిన రోజు, ఉత్కళ దివస్ నాడేనండి, గుర్తుపెట్టుకోడానికి తేలిక. అంతకుముందు పెన్షన్ వచ్చిన జవానుకి మిలిటరీ ఆసుపత్రిలో ఖాళీ ఉంటే చూసేవారు, లేకపోతే లేదు. ఇప్పుడు ఒక్కసారి డబ్బు కడతాం. హవల్దారు దాకా 30,000. నాయబ్ సుబేదారు నుంచి ఆనరరీ కెప్టెన్ దాకా 67,000. ఆఫీసర్లకి 1,20,000. 2017 డిసెంబరు చివర్లో వచ్చిన రేట్లు ఇవి. 1996 జనవరి 1 కంటే ముందు రిటైరైనవాళ్ళకీ, యుద్ధంలో భర్తని పోగొట్టుకున్న అమ్మలకీ ఆ డబ్బు కూడా లేదు. ఒక్కసారి కట్టడమే. ఏడాదికోసారి రెన్యువల్ లేదు, వయసు పెరిగిందని ప్రీమియం పెంచడం లేదు, "మీకు షుగరుంది, మూడేళ్ళు ఆగండి" అనడం లేదు. ఇంతే ఖర్చు పెడతాం అనే హద్దూ లేదు. 65 ఏళ్ళవాడు బైపాస్ చేయించుకున్నవాడని తెలిసీ 30,000కి జీవితాంతం ఇలా చూసే పాలసీ బజార్లో ఒక్కటి చూపించండి.

దీనికి లోపాలు లేవని కాదు. మందులు ఉండవు. క్యూ ఉంటుంది. బిల్లులు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు క్యాష్‌లెస్ ఆపేస్తుంటాయి. నాకు తెలుసు, నా ముఖం చూసి నవ్వుతున్నారు కూడా కొందరు. కానీ లోపం ఉందని కార్డుని అటక మీద పడేసి, బ్యాంకువాడు చెప్పాడని ఏడాదికి ఇంత అని కట్టే పాలసీ తీసుకుని, అది కూడా మళ్ళీ కార్డున్న మొగుడూ పెళ్ళాల పేరు మీదే తీసుకుని... అదీ నా బాధ.

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇంకో సంగతి. పర్లాకిమిడి నుంచి బరంపురం దగ్గరా, శ్రీకాకుళం దగ్గరా? శ్రీకాకుళమే. పిల్లల పెళ్ళి బట్టలకి అటే పోతాం, కంటి డాక్టరుకీ అటే పోతాం. మరి పాలీక్లినిక్‌కి మాత్రం "మనది ఒడిశా కదా" అని కొండలన్నీ ఎక్కి దిగి బరంపురం ఎందుకు పోతున్నారు? ఈసీహెచ్‌ఎస్ కేంద్రానిది. దానికి రాష్ట్రం గీత లేదు. శ్రీకాకుళంలో పాలీక్లినిక్ ఉంది, మీ కార్డుకి దాన్ని పేరెంట్ పాలీక్లినిక్‌గా, అంటే మీ సొంత పాలీక్లినిక్‌గా, మార్పించుకోవచ్చు. గుణుపూర్, కాశీనగర్ వైపు వాళ్ళు కూడా ఏది దగ్గరో బస్సు లెక్క చూసుకుని నిర్ణయించుకోండి. ఊరు మారితే, కొడుకు దగ్గరికి విశాఖపట్నం పోయి ఉంటే, అక్కడి పాలీక్లినిక్‌లో కూడా చూపించుకోవచ్చు.

గీత ఉన్నది రాష్ట్రాల పథకాలకి. ఇచ్ఛాపురంలో మీ మేనమామకి ఆంధ్రా వైద్య సేవ కార్డు ఉంటుంది, అది ఆయనకే. మీరు ఇటు రేషను కార్డు పెట్టుకుని అటు కార్డు కావాలంటే రాదు. మన ఒడిశాలో 2018లో వచ్చిన బిజూ స్వాస్థ్య కార్డు ఉండేది కదా, దాని స్థానంలో ఇప్పుడు గోపబంధు జన ఆరోగ్య యోజన, ఆయుష్మాన్ భారత్‌తో కలిపి 2025 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్‌తో కలిశాక ఒడిశా దాటి కూడా ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. ఇది ఎవరికి పనికొస్తుందో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఇప్పుడు అసలు లెక్క. ఇంటికి వెళ్ళాక ఒక కాగితం తీసి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో పేర్లు రాయండి. పక్కన ఎవరి కార్డు ఉందో టిక్ పెట్టండి. టిక్ లేనివాళ్ళు ఎవరు తేలతారో నేనిక్కడి నుంచే చెప్పగలను.

మొదట కొడుకు. 25 ఏళ్ళు నిండినా, సంపాదన మొదలైనా, పెళ్ళయినా, మూడింట్లో ఏది ముందైతే అది, ఆ రోజుతో వాడు ఈసీహెచ్‌ఎస్‌లో లేడు. ఉద్యోగం లేదండీ అంటే కుదరదు. 25 దాటితే అంతే. వైకల్యం ఉన్న బిడ్డకి మాత్రం, 40 శాతం పైన సర్టిఫికెట్ ఉంటే, ఈ వయసు అడ్డు లేదు. 27 ఏళ్ళ కుర్రాడు బరంపురంలో కోచింగ్ తీసుకుంటూ బైకు మీద తిరుగుతుంటాడు. ఇంట్లో అందరికన్నా యాక్సిడెంటు భయం ఉన్నది వాడికి. కార్డు లేనిదీ వాడికే.

తరవాత కోడలు, మనవలు. కోడలు ఎప్పుడూ లేదు. మనవలు ఎప్పుడూ లేరు. చాలామందికి ఇది పురుడు దగ్గరకొచ్చేదాకా తెలీదు.

ఆ తరవాత కూతురు. కూతురికి వయసు హద్దు లేదు, సంపాదన లేకుండా పెళ్ళి కాకుండా ఉన్నంతకాలం ఉంటుంది. భర్త పోయినా, విడాకులైనా, మీ మీదే ఆధారపడి ఉంటే మళ్ళీ చేర్చవచ్చు. కానీ పెళ్ళయింది, తొలి కాన్పుకి పుట్టింటికి తెచ్చుకున్నారు. సారె పెట్టారు, సీమంతం చేశారు, నొప్పులొచ్చాక నాన్న కార్డు పట్టుకుని పోయారు. పని చెయ్యదు! పెళ్ళి రోజుతోనే ఆ అమ్మాయి మీ కార్డులోంచి వెళ్ళిపోయింది. అల్లుడు సర్వీసులో ఉన్న జవానైతే ఆ అమ్మాయి అతని డిపెండెంటు. గోపాల్‌పూర్ మిలిటరీ ఆసుపత్రో, విశాఖపట్నంలో నేవీవాళ్ళ కల్యాణి ఆసుపత్రో చూడాలి. దానికి పెళ్ళయిన వెంటనే అల్లుడు యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్, అంటే పెళ్ళి సంగతి సర్వీసు రికార్డులో ఎక్కించే ఆర్డరు, వేయించి ఉండాలి, డిపెండెంట్ కార్డు అమ్మాయి చేతిలో ఉండాలి. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చేటప్పుడు పెట్టెలో చీరలతోపాటు ఆ కాగితాలు ఉన్నాయో లేదో చూసుకోండమ్మా. ఇది మగవాళ్ళకి గుర్తుండదు.

చివరికి మీ అమ్మానాన్న. తల్లిదండ్రుల ఆదాయం, పింఛనుతో సహా అన్నీ కలిపి, నెలకి 9,000 మీద డీఏ, అంటే కరువు భత్యం, కలిపినంత లోపు ఉంటేనే డిపెండెంట్లు. మీ నాన్న బడిపంతులుగా రిటైరైతే ఆ గీత దాటేస్తాడు. అలాంటప్పుడు అబద్ధం రాసి చేర్చొద్దు. ఆధార్, పాన్, పింఛను అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్న రోజులివి.

ఇదిగో, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పేర్లు ఇవే కదా? 25 దాటిన కొడుకు, కోడలు, మనవలు, పెళ్ళయిన కూతురు, పింఛను ఉన్న నాన్న. ఇన్సూరెన్సు మీద పెట్టే డబ్బేదైనా ఉంటే వీళ్ళ మీద పెట్టండి. ముందు ఖర్చు లేని దారి చూడండి. పెళ్ళయి వేరు కాపురం పెట్టిన కొడుకు, ఆదాయం తక్కువైతే, తన పేరున రేషను కార్డు వేరు చేయించుకుంటే అతని కుటుంబానికి ఇందాక చెప్పిన 5 లక్షల పథకం వర్తించవచ్చు. అది రాకపోతే అప్పుడు ప్రైవేటు పాలసీ. కొడుకూ కోడలూ వయసులో ఉంటారు కాబట్టి ప్రీమియం తక్కువే పడుతుంది.

డెబ్భై దాటినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, వినండి. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షలు. మంచి పథకమే. కానీ ఈసీహెచ్‌ఎస్, సీజీహెచ్‌ఎస్, ఆయుష్మాన్ సీఏపీఎఫ్ ఉన్నవాళ్ళు రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. అదీ ఇదీ రెండూ కుదరవు. సొంత డబ్బుతో ప్రైవేటు పాలసీ కట్టుకున్నవాళ్ళకి ఆ అడ్డు లేదు, మనకే ఉంది. ఊళ్ళో క్యాంపు పెడతారు, ఆశా దీదీ ఇంటికొస్తుంది, "తాతా, ఆధార్ ఇవ్వు, వేలు పెట్టు" అంటుంది. ఆమె మంచికే అంటుంది. ఆమెకి మీ ఈసీహెచ్‌ఎస్ సంగతి తెలీదు. మీరు చెప్పాలి. వయ వందనకి హద్దు 5 లక్షలు, ఈసీహెచ్‌ఎస్‌కి హద్దు లేదు. ఇది ఆసుపత్రిలో పడుకుంటేనే, అదైతే ఓపీడీ, అంటే చేరకుండా చూపించుకుని వచ్చేది, మందులు కూడా చూస్తుంది. నన్నడిగితే, పాలీక్లినిక్‌కి అసలు పోలేని పరిస్థితి, మంచం పట్టి ఉన్నారు, పక్కనే ఆయుష్మాన్ ఆసుపత్రి ఉంది, అలాంటివాళ్ళు తప్ప మనవాళ్ళెవరూ ఈసీహెచ్‌ఎస్ వదులుకోకూడదు. ఇది నా అభిప్రాయం. కానీ వేలు పెట్టే ముందు ఇంట్లో మాట్లాడుకోండి, అంతవరకైనా మాటివ్వండి.

ఇప్పుడు అమ్మలకి చెప్తానన్నది. ఆయన గుండె పట్టుకుని పడిపోయిన రాత్రి కార్డు ఎక్కడుందో ఆయన చెప్పలేరు. చెప్పగలిగేది మీరే. మామూలుగా అయితే పాలీక్లినిక్‌కి పోవాలి, అక్కడ రెఫరల్ రాస్తారు, ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రికి పోతే డబ్బు కట్టక్కర్లేదు. కానీ ప్రాణం మీదకొస్తే రెఫరల్ అక్కర్లేదు. ఒప్పందం ఉన్న ఆసుపత్రైతే కార్డు చూపించి చేర్చండి, ఆన్‌లైన్‌లో తెలియపరిచే పని వాళ్ళదే. పక్కనున్నది ఒప్పందం లేని ఆసుపత్రైతే అక్కడికే పోండి, ప్రాణం ముందు. అప్పుడు మీ పని ఒకటుంది. చేర్చిన 48 గంటల్లోపు దగ్గర్లోని పాలీక్లినిక్‌కి కబురు చెయ్యాలి. ఫోనో, మెసేజో, మనిషో. నలభై ఎనిమిది గంటలు. మళ్ళీ చెప్తున్నాను, నలభై ఎనిమిది. ఆ కబురు చేసినట్టు మీ దగ్గర రుజువు ఉండాలి. ఉత్త ఫోనొక్కటే చేసి ఊరుకోకండి, వాట్సాపో మెయిలో పెట్టి స్క్రీన్‌షాట్ తీయండి. ఆ పని మీకు రాకపోతే పక్కింటి చదువుకునే పిల్లని పిలవండి.

అక్కడ డబ్బు ముందు మీరే కట్టాలి. తరవాత బిల్లు పెట్టుకుంటే సీజీహెచ్‌ఎస్ రేట్ల ప్రకారం ఇస్తారు, ఆసుపత్రివాడు వేసిన రేటు ప్రకారం కాదు. మధ్యలో తేడా మీ నెత్తినే. పెద్ద ఆపరేషనైతే ఆ తేడా చిన్నదేం కాదు. అందుకే ప్రాణగండం గడిచి డాక్టరు కదిలించొచ్చు అన్న రోజున ఒప్పందం ఉన్న ఆసుపత్రికి మార్చండి. "ఇక్కడ బాగా చూస్తున్నారు" అని వారం వారం ఉండిపోతే ఆ బాగా చూడడానికి మీరే కట్టాలి.

కాగితాలు చెప్తాను, రాసుకోండి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అంటే ఏ స్థితిలో తెచ్చారో డాక్టరు రాసి సంతకం పెట్టినది. డిశ్చార్జి సమ్మరీ. ఒక్కో మందుకీ ఒక్కో పరీక్షకీ విడివిడిగా ఉన్న బిల్లు. మొత్తం ఒక లైనులో వేసిన బిల్లు పనికిరాదు. డబ్బు కట్టిన ఒరిజినల్ రసీదులు. స్టెంటు వేస్తే దాని స్టిక్కరు. ఇవి ఇంటికొచ్చాక అడిగితే ఎవరూ ఇవ్వరు, డిశ్చార్జి రోజునే కౌంటర్ దగ్గర నిలబడి తీసుకోవాలి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తే ఈ ఖర్చులో చాలా భాగం ఉండదు, ప్రభుత్వ ఆసుపత్రి కదా, నిరామయ కౌంటర్లో మందులు కూడా ఊరికే ఇస్తారు. పెద్ద కాలేజీ ఆసుపత్రి అంటే మనవాళ్ళకి భయం. రద్దీ ఉంటుంది, నిజమే. కానీ యాక్సిడెంటు కేసుకి అంతమంది డాక్టర్లు రాత్రి రెండింటికి దొరికే చోటు మన దిక్కున ఇంకెక్కడుంది?

ఈ కారణం చేతే నేను అంటాను, ఈసీహెచ్‌ఎస్ ఉన్న మొగుడూ పెళ్ళాలకి రెండో పాలసీ కన్నా ముందు కావలసింది చేతికి అందే డబ్బు. ఇద్దరి పేర్న జాయింటు ఖాతాలో, ఎవరైనా తీయగలిగేట్టు, ఒక లక్షో లక్షన్నరో. పెన్షన్ ఖాతా ఏటీఎం పిన్ను భార్యకి చెప్పని వీరజవాన్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తమనను. ఎవరెవరో నాకు తెలుసు.

ప్రైవేటు పాలసీ గురించి త్వరగా చెప్పేస్తాను. ముందు, దేన్ని చూసి హెల్త్ ఇన్సూరెన్సు ఉందనుకుంటున్నారో చూసుకోండి. జీతంలో కటింగ్ అయ్యే ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్సు ప్రాణానికీ వైకల్యానికీ సంబంధించినది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు పోయేది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. అదీ ఆసుపత్రి బిల్లు కట్టదు. డిఫెన్స్ శాలరీ ప్యాకేజీ అని బ్యాంకువాడు గొప్పగా చెప్పేదాంట్లో ముఖ్యమైనది ప్రమాద బీమా. జ్వరమొచ్చి చేరితే అవేవీ పలకవు.

కొనేటప్పుడు రోగం దాచొద్దు. ఏజెంటు "బీపీ రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటాడు. మామూలు మనిషి బీపీ దాచగలడేమో గానీ, జవాను దాచలేడు. సర్వీసు వదిలేటప్పుడు చేసే రిలీజ్ మెడికల్ బోర్డులో రాసి ఉంటుంది, లో మెడికల్ కేటగిరీ కాగితం ఉంటుంది, డిజెబిలిటీ పెన్షన్ ఉంటే జబ్బు పేరు పీపీవో, అంటే పెన్షన్ ఆర్డరు, దాకా వచ్చి ఉంటుంది. క్లెయిము రోజున అది తీసి చూపించి కొట్టేస్తారు. చెప్పి తీసుకుంటే ఏమవుతుంది? ఉన్న జబ్బుకి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు ఆగాలి. 2024లో నాలుగేళ్ళని మూడుకి తగ్గించారు. ఐదేళ్ళు వరసగా కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచావని క్లెయిము కొట్టేయడానికి లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు తీసుకునే హెల్త్ పాలసీ మీద 18 శాతం జీఎస్టీ పోయింది కూడా. పాత రేటు చెప్తే అడగండి.

గది అద్దె సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు మునిగేది అక్కడే. పాలసీ 5 లక్షలది, గది అద్దె రోజుకి ఒక శాతం అని రాసి ఉంది, అంటే 5,000. మీరు 8,000 గది తీసుకున్నారు. రోజుకి మూడువేలే కదా తేడా, కట్టుకుందాం అనుకుంటారు. కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు, వీటన్నిటినీ అదే నిష్పత్తిలో, ఎనిమిదికి ఐదు చొప్పున కోస్తారు. అవన్నీ 1,60,000 అయితే లక్షే ఇస్తారు. 60,000 మీరు కట్టాలి. మందులకీ, లోపల వేసే స్టెంటు లాంటివాటికీ ఆ కోత ఉండకూడదు, అక్కడ కోస్తే అడగండి. అడిగినా వినకపోతే కంపెనీకి రాసి, అప్పటికీ కాకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు మన భువనేశ్వర్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. పాలసీ కాగితం వచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. ఆ 30 రోజుల్లో గది అద్దె లైను, కో-పేమెంటు లైను, అంటే బిల్లులో మన వాటా ఎంతో చెప్పేది, ఈ రెండైనా ఎవరిచేతనైనా చదివించుకోండి.

పెన్షన్ రాకముందే సర్వీసు వదిలి వచ్చినవాళ్ళు ఒకరిద్దరు కనపడుతున్నారు. మీకు మామూలుగా ఈసీహెచ్‌ఎస్ రాదు. కానీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రక్షణ మంత్రి నిధికి పెట్టుకోవచ్చు. హవల్దారు హోదా దాకా, పెన్షన్ లేనివాళ్ళకీ వాళ్ళ వితంతువులకీ వైద్యానికి ఇచ్చే సాయం 2023 అక్టోబరులో 30,000 నుంచి 50,000కి పెంచారు. పెద్ద జబ్బులకి లక్షా పాతిక వేల నుంచి లక్షన్నర చేశారు.

ఇప్పుడు అగ్నివీరుల తల్లిదండ్రులు. ఎంతమంది ఉన్నారు? అబ్బో, చాలామందే. మీకు చెప్పేది కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. నాలుగేళ్ళు చేసి బయటికొచ్చే పిల్లాడికి పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, క్యాంటీను లేదు. నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు. మీవాడు ఆ పాతికలో ఉంటే సంతోషమే, కానీ ఉంటాడనుకుని లెక్కలు వెయ్యకండి. మొదటి ఆర్మీ బ్యాచ్ పిల్లలు 2023 జనవరిలో ట్రైనింగ్‌కి వెళ్ళారు, నాలుగేళ్ళెప్పుడో వేళ్ళు మడిచి చూసుకోండి. సర్వీసులో ఉండగా ఉన్న 48 లక్షల బీమా ప్రాణానికి సంబంధించినది, అది వైద్యానికి కాదు. వచ్చేటప్పుడు సేవా నిధి సుమారు 11.71 లక్షలు చేతికొస్తుంది. ఆ డబ్బు వస్తుందని తెలిసినవాళ్ళందరూ ముందే గుమ్మంలో ఉంటారు. ట్రాక్టరంటారు, స్థలమంటారు, చెల్లి పెళ్ళంటారు. అన్నీ అవసరమే. కానీ వాడు బయటికొచ్చిన ఆ నెలలోనే వాడి పేరున హెల్త్ పాలసీ తీయండి. అప్పటికి వాడిది ఇంకా చిన్న వయసే, జబ్బు లేదు, గట్టి మనిషి. ఇంతకన్నా చవగ్గా, ఇంతకన్నా తేలిగ్గా జీవితంలో మళ్ళీ దొరకదు. ఇక మీ సంగతి. కూలి చేసుకుని, రేషను కార్డు మీద బతికే కుటుంబమైతే మీకు గోపబంధు పథకం ఉంటుంది, ఆధార్‌తో పేరు సరిచూసుకుని కార్డు తీయించుకోండి. కొడుకు మిలట్రీలో ఉన్నాడు, మనకెందుకని చాలామంది అది తీయించుకోవడం లేదు!

ఏటమ్మా? గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకి వినపడాలి. "మా ఆయన పోయి ఏడాదైంది, పాలీక్లినిక్‌లో నా పేరు కలవటం లేదంటున్నారు." ఇది ఈవిడ ఒక్కరిదే కాదు, మన సరిహద్దులో సగం ఇళ్ళ సమస్య. మనకి ఇంటిపేరు ముందు. ఇక్కడి ఆఫీసులో ఒడియా పద్ధతిలో చివర రాస్తారు. ఆయన రిక్రూట్‌మెంట్‌లో చెప్పిన పేరొకటి, పెళ్ళి పార్ట్ టూ ఆర్డర్‌లో పడ్డది ఇంకొకటి, ఆధార్‌లో మూడోది. ఆయనున్నప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. అమ్మా, పీపీవోలో మీ పేరు ఎలా ఉందో అదే అన్నిటికీ మూలం. పీపీవో పేరు తప్పైతే రికార్డ్ ఆఫీసుకి రాసి సరిచేయించాలి, దానికి అఫిడవిట్టు, పెళ్ళి నాటి పార్ట్ టూ ఆర్డరు నకలు కావాలి. జిల్లా సైనిక ఆఫీసువాళ్ళు ఆ ఉత్తరం రాసిపెడతారు. పీపీవో సరిగా ఉండి ఆధార్ తప్పైతే అది మార్చడం చాలా తేలిక. ముందు ఏది తప్పో తేలకుండా రెండూ మార్చొద్దు, మూడోసారి చిక్కుపడుతుంది. అది సరయ్యాక భర్త పేరుతో ఉన్న కార్డు సరెండర్ చేసి, ఫ్యామిలీ పెన్షనరుగా మీ పేరున తీసుకోవాలి. ఇక్కడున్న మగవాళ్ళు కూడా వినండి, మీరు బతికుండగా ఈ పేర్లు సరిచేయించడం ఒక పూట పని, తరవాత ఆవిడకి ఒక సంవత్సరం పని.

మీ కాగితాలు పట్టుకొచ్చారా అమ్మా? ఇక్కడ టీ అయ్యాక ఆ బల్ల దగ్గరికి రండి, చూద్దాం. మిగతావాళ్ళు పేరెంట్ పాలీక్లినిక్ మార్చుకునే ఫారం కావాలంటే అక్కడే ఉంది. తక్కువ తెచ్చాను, అయిపోతే బయట జిరాక్స్ తీయించుకోండి.